క్యాన్లు 60, ఏరియాలు 17: తెలుగు పేర్లు కీలుగా పెట్టిన డిక్షనరీ డైరీ

పని చిన్నదే. హైదరాబాద్‌లో 20 లీటర్ల వాటర్ క్యాన్లు వేసే దుకాణం. రోజువారీ లెక్క సీఎస్‌వీ ఫైల్లో, అంటే గడుల మధ్య కామాలు పెట్టిన పట్టికలో ఉంటుంది. మూడు నిలువు వరుసలు: ఏరియా, ఇచ్చిన క్యాన్లు, తిరిగొచ్చిన ఖాళీ క్యాన్లు. ఏ ఏరియాకి ఎన్ని వెళ్లాయి, ఎన్ని ఖాళీలు ఇంకా బయటే ఉన్నాయి అన్నది పైథాన్ డిక్షనరీతో తేల్చాలి. ఏరియా పేరు కీ, క్యాన్ల సంఖ్య వాల్యూ.

చిక్కంతా పేర్లతోనే. ఫోన్లో ఒకరు తెలుగులో కొడతారు, ఇంకొకరు మైక్ నొక్కి చెప్తారు, మరొకరు వాట్సాప్ మెసేజ్‌లోంచి కాపీ చేసి అతికిస్తారు. చూడ్డానికి అన్నీ ఒకే పేరు. డిక్షనరీకి మాత్రం వేరు.

అసలు ఫైలు ముట్టుకునే ముందు 20 వరుసల నమూనా ఫైలు తయారుచేసి, దాన్ని చేత్తో లెక్క కట్టి పక్కన పెట్టుకున్నాం. ఇది లేకుండా మొదలుపెట్టకండి. స్క్రిప్టు తప్పు చెప్తే తెలిసేది దీనివల్లే.

- దిల్‌సుఖ్‌నగర్: 4 వరుసలు, ఇచ్చినవి 14, వచ్చినవి 14
- సైదాబాద్: 3 వరుసలు, ఇచ్చినవి 9, వచ్చినవి 7
- బేగంపేట: 4 వరుసలు, ఇచ్చినవి 12, వచ్చినవి 9
- అమీర్‌పేట: 3 వరుసలు, ఇచ్చినవి 10, వచ్చినవి 12
- మలక్‌పేట: 3 వరుసలు, ఇచ్చినవి 8, వచ్చినవి 7
- ఎల్బీనగర్: 3 వరుసలు, ఇచ్చినవి 7, వచ్చినవి 6

చేతి లెక్క: ఏరియాలు 6 | ఇచ్చినవి 60 | వచ్చినవి 55 | బయట 5

కోడ్ మాటలు ఇక్కడ పలికినట్టు రాశాం. టైపు చేసేటప్పుడు పైథాన్‌లో ఉన్నట్టే కొట్టాలి.

అంచె 1: ఫైలు తెరవడం

విండోస్‌లో ఎన్‌కోడింగ్ (అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతి) చెప్పకుండా ఓపెన్ అని రాస్తే పైథాన్ సిస్టమ్ కోడ్‌పేజీని, అంటే విండోస్ సొంత పద్ధతిని తీసుకుంటుంది. మన దగ్గర అది మామూలుగా సీపీ1252. మన ఫైలు మాత్రం యూటీఎఫ్-8లో ఉంది. అందులో తెలుగు "ఏ" మూడు బైట్లు, మూడోది 143. సీపీ1252లో 143కి అక్షరమే లేదు. దాంతో "ఏరియా" అనే శీర్షిక మొదటి అక్షరం దగ్గరే యూనికోడ్‌డీకోడ్‌ఎర్రర్ వచ్చి ఆగిపోయింది. ఒక రకంగా ఇదే నయం. ఏ, పొల్లు, కొమ్ము లాంటివి లేని ఫైలయితే ఎర్రర్ లేకుండా చెత్త అక్షరాలు లోపలికి వచ్చేసేవి.

ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని పెట్టాక రెండో దెబ్బ: డిక్ట్‌రీడర్ (సీఎస్‌వీ వరుసని శీర్షికలే కీలుగా డిక్షనరీ చేసి ఇచ్చేది) ఇచ్చిన వరుసలో "ఏరియా" అని అడిగితే కీఎర్రర్, అంటే ఆ కీ లేదని. ఫైలు తెరిచి చూస్తే మొదటి గడిలో "ఏరియా" అని నిక్షేపంగా ఉంది. ఫీల్డ్‌నేమ్స్ ప్రింట్ చేసి, లెన్ అడిగితే దొరికింది. "ఏరియా" పొడవు 5 ఉండాలి, 6 వచ్చింది. ఎక్సెల్‌లో యూటీఎఫ్-8 సీఎస్‌వీగా సేవ్ చేస్తే ఫైలు మొదట్లో బామ్ అనే కనపడని గుర్తు పెడుతుంది. దాని నంబరు 65279. అది మొదటి శీర్షికకి అంటుకుని కీలో భాగమైపోయింది.

మార్చినవి:

1. ఎన్‌కోడింగ్ "యూటీఎఫ్-8-సిగ్". బామ్ ఉంటే తీసేస్తుంది, లేకపోతే మామూలుగా చదువుతుంది. రెండు రకాల ఫైళ్లకీ ఇదొక్కటే చాలు.
2. న్యూలైన్‌కి ఖాళీ స్ట్రింగ్. సీఎస్‌వీ మాడ్యూల్‌కి ఇది ఇవ్వాలి.
3. మొదటి వరుస చదవగానే మూడు శీర్షికలూ ఉన్నాయో లేదో చూసి, లేకపోతే అక్కడే ఆపడం.

లెక్క: వరుసలు 20 | కీలు ఇంకా లేవు

అంచె 2: మొదటి కూడిక

సీఎస్‌వీలోంచి వచ్చేవన్నీ స్ట్రింగులే. "4"కి "5" కలిపితే 9 రాదు, "45" వస్తుంది. కాబట్టి ఇంట్‌తో పూర్ణాంకంగా మార్చాలి. ఇక్కడో సౌకర్యం ఉంది: పైథాన్ ఇంట్ తెలుగు అంకెల్ని కూడా తీసుకుంటుంది. "౧౨" ఇస్తే 12 వస్తుంది. ఎవరైనా తెలుగు అంకెల్లో రాసినా లెక్క చెడదు. ఈ సంగతి అంచె 5లో మళ్లీ వస్తుంది, అక్కడ మంచికి కాదు.

మామూలు డిక్షనరీలో లేని కీకి నేరుగా ప్లస్-ఈక్వల్ కొడితే కీఎర్రర్. దీనికి మూడు దారులున్నాయి, మూడూ వాడి చూశాం.

1. గెట్: లేకపోతే 0 ఇవ్వమని చెప్పి, దానికి కూడి మళ్లీ అదే కీలో పెట్టడం. పని జరుగుతుంది. ఒకే కీని లైనులో రెండుసార్లు రాయాలి, రెండోచోట పొరపాటుగా ఇంకో పేరు పడితే ఎర్రర్ రాదు.
2. డిఫాల్ట్‌డిక్ట్: రాయడం సులువు. చదివేటప్పుడే ప్రమాదం. "కోఠి" మన జాబితాలో లేదు. కోఠికి ఎన్ని వెళ్లాయని చదరపు బ్రాకెట్‌తో అడిగితే 0 అంటుంది. అక్కడితో ఊరుకోదు, "కోఠి" అనే కొత్త కీని లోపల పెట్టేస్తుంది. అడిగినందుకే ఒక ఏరియా పెరిగింది.
3. కౌంటర్: లేని కీ అడిగితే 0 ఇస్తుంది, కీ మాత్రం చేర్చదు. కూడిక రాయడం డిఫాల్ట్‌డిక్ట్ అంత సులువు.

కౌంటర్ ఉంచాం. ఇచ్చినవాటికి ఒకటి, వచ్చినవాటికి ఒకటి.

ఏ ఏరియాలో ఏ వరుసలు కలిశాయో చూసుకోవడానికి లిస్టుల డిక్షనరీ కూడా కావాలి. దాన్ని ఫ్రమ్‌కీస్‌తో, వాల్యూగా ఖాళీ లిస్టు ఇచ్చి కడితే ప్రతి ఏరియా కిందా 20 వరుసలు కనిపించాయి. ఫ్రమ్‌కీస్ ఒక్కో కీకి ఒక్కో లిస్టు చేయదు, ఇచ్చిన ఒకే లిస్టుని అందరికీ తగిలిస్తుంది. ఒకరి ఖాతాలో రాసింది అందరి ఖాతాల్లోనూ పడుతుంది. 0 లాంటి మారని వాల్యూలకి ఫ్రమ్‌కీస్ ఇబ్బంది లేదు. లిస్టుకి, లోపలి డిక్షనరీకి వాడకూడదు. దీనికి మాత్రం డిఫాల్ట్‌డిక్ట్‌కి లిస్ట్ ఇచ్చి వాడాం.

నడిపితే వచ్చింది ఇది.

లెక్క: కీలు 17 | ఇచ్చినవి 60 | వచ్చినవి 55

ఏరియాలు 6 ఉండాల్సిన చోట 17. మొత్తాలు మాత్రం అచ్చు గుద్దినట్టు సరిపోయాయి. మొత్తం చూసి సరే అనుకునే వాళ్లకి ఈ తప్పు ఎప్పటికీ దొరకదు. క్యాన్లు ఎక్కడికీ పోలేదు, వేర్వేరు కీల కింద చీలిపోయాయి. అందుకే ఇక్కణ్నుంచి ప్రతి అంచె చివరా కీల సంఖ్య కూడా రాశాం.

అంచె 3: కంటికి కనపడని తేడాలు

మూడు దిల్‌సుఖ్‌నగర్‌లు, మూడు సైదాబాద్‌లు, నాలుగు బేగంపేటలు, రెండు అమీర్‌పేటలు, రెండు మలక్‌పేటలు, మూడు ఎల్బీనగర్‌లు. కీలు ప్రింట్ చేస్తే సగం తేడాలు కనపడనే కనపడవు. పనికొచ్చిన పనిముట్లు నాలుగు:

1. లెన్: ఎన్ని కోడ్‌పాయింట్లో చెప్తుంది. కోడ్‌పాయింట్ అంటే యూనికోడ్‌లో ఒక్కో అక్షరానికీ గుర్తుకీ ఉన్న నంబరు.
2. రెప్ర్: కొటేషన్ గుర్తులతో చూపిస్తుంది కాబట్టి చివర అంటుకున్న స్పేస్ తెలుస్తుంది. బామ్, జాయినర్ల వంటి అదృశ్య గుర్తుల్ని కోడ్‌గా బయటపెడుతుంది.
3. ఆస్కీ: తెలుగుతో సహా ఇంగ్లీషు కీబోర్డులో లేని ప్రతి అక్షరాన్నీ కోడ్‌గా మార్చి చూపిస్తుంది. చదవడానికి విసుగు, కానీ దీని దగ్గర ఏదీ దాగదు.
4. ఆర్డ్: ఒక్కో అక్షరం నంబరు. కింద రాసిన నంబర్లన్నీ ఆర్డ్ ఇచ్చేవే.

ముందుగా సైదాబాద్. మూడు కీల పొడవులు 8, 9, 9. ఒక 9లో చివర స్పేస్ ఉంది, స్ట్రిప్‌తో పోయింది. బేగంపేటల్లో ఒకదాని చివర మామూలు స్పేస్ కాదు, వెబ్ పేజీల్లోంచి కాపీ చేస్తే వచ్చే విరగని స్పేస్, నంబరు 160. స్ట్రిప్ దాన్నీ తీసేస్తుంది.

లెక్క: కీలు 15

రెండో 9తో కాసేపు కుస్తీ పట్టాం. రెప్ర్‌లో రెండూ ఒకేలా ఉన్నాయి. స్పేసు లేదు, అదృశ్య గుర్తూ లేదు. ఆస్కీతో చూస్తే తేలింది. "సై"లో ఉన్న ఐత్వం రెండు రకాలుగా రాయొచ్చు. ఒకటి, ఐత్వం గుర్తు ఒక్కటే, 3144. రెండు, ఎత్వం గుర్తు 3142 పెట్టి, దాని వెనక ఐత్వం కింది భాగం 3158 పెట్టడం. తెర మీద రెండూ ఒకటే. యూనికోడ్ కూడా ఈ రెండూ సమానమే అంటుంది. పైథాన్ స్ట్రింగుల పోలిక మాత్రం కోడ్‌పాయింట్లనే చూస్తుంది, కాబట్టి డిక్షనరీకి ఇవి రెండు కీలు.

యూనికోడ్‌డేటా మాడ్యూల్లో నార్మలైజ్‌కి ఎన్ఎఫ్‌సీ (సమానమైన ముక్కల్ని ఒకే గుర్తుగా కలిపే పద్ధతి) అని చెప్తే 3142, 3158 జంట 3144 అయిపోతుంది. ఐత్వం ఉన్న ఏ పేరుకైనా ఈ బెడద తప్పదు: సైనిక్‌పురి, చైతన్యపురి, అసలు హైదరాబాద్ అన్న మాటే.

లెక్క: కీలు 14

అంచె 4: జాయినర్లు, స్పేసులు

దిల్‌సుఖ్‌నగర్ మూడు రూపాల కొలతలు:

- పొల్లుల తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ పెట్టినది: పొడవు 14, యూటీఎఫ్-8లో 42 బైట్లు
- అది లేకుండా "దిల్సుఖ్నగర్": పొడవు 12, 36 బైట్లు
- స్పేసులతో "దిల్ సుఖ్ నగర్": పొడవు 14, 38 బైట్లు

మొదటిదీ మూడోదీ పొడవు ఒకటే, కీలు వేరు. పొడవొక్కటే చూసి తీర్పు చెప్పలేం.

నాన్ జాయినర్ నంబరు 8204. ల్ తర్వాత స వస్తే స వత్తుగా కిందికి దిగి "ల్స" అవుతుంది. దిగకుండా ఆపేది ఈ గుర్తే. కొన్ని కీబోర్డులు పేట, నగర్, పల్లి ముందు దాన్ని వాటంతటవే పెడతాయి, కొన్ని పెట్టవు. కూకట్‌పల్లి, మల్కాజ్‌గిరి, అమీర్‌పేట అన్నీ ఈ బాపతే. ఊరి పేర్లలో సగం హల్లంతమయ్యే నగరంలో దీన్ని పట్టించుకోకుండా కీలు కట్టలేం.

స్ట్రిప్ దీన్ని తీయదు, ఎందుకంటే పైథాన్ దృష్టిలో 8204 స్పేస్ కాదు. ట్రాన్స్‌లేట్ వాడాలి. ట్రాన్స్‌లేట్‌కి ఇచ్చేది కూడా ఒక డిక్షనరీయే, అక్కడే పప్పులో కాలేశాం. కీలుగా ఒంటి అక్షరపు స్ట్రింగులు పెట్టాం, నడిపితే ఎర్రర్ లేదు, మార్పూ లేదు. కీల సంఖ్య 14 దగ్గరే నిలబడింది. ట్రాన్స్‌లేట్ తన డిక్షనరీలో వెతికేది అక్షరాన్ని కాదు, అక్షరం నంబరుని. దొరక్కపోతే అక్షరాన్ని అలాగే వదిలేస్తుంది. సరైన రూపం ఇది:

{8203: నన్, 8204: నన్, 8205: నన్, 65279: నన్}

8203 జీరో విడ్త్ స్పేస్, 8205 జాయినర్, చివరిది బామ్. నన్ అంటే తీసెయ్యమని. స్ట్రింగులే రాయాలనుంటే స్ట్ర్ టైపులో ఉన్న మేక్‌ట్రాన్స్‌తో కట్టుకోవాలి, అది వాటిని నంబర్లుగా మార్చి ఇస్తుంది.

లెక్క: కీలు 12

తర్వాత లోపలి స్పేసులు. స్ప్లిట్‌కి ఏమీ ఇవ్వకుండా పిలిచి, వచ్చిన ముక్కల్ని ఖాళీ స్ట్రింగుతో జాయిన్ చేస్తే అన్ని రకాల స్పేసులూ పోతాయి, 160తో సహా. ఇక స్ట్రిప్ అక్కర్లేదు, కోడ్‌లోంచి తీసేశాం. దిల్ సుఖ్ నగర్, మలక్ పేట, ఎల్బీ నగర్ తమ తమ వాటిలో కలిశాయి.

లెక్క: కీలు 9

ఇక్కడే వరస కూడా మార్చాం. ముందు ఎన్ఎఫ్‌సీ, తర్వాత జాయినర్లు తీయడం అన్నట్టు ఉండేది. 3142కీ 3158కీ మధ్యలో ఒక అదృశ్య గుర్తు ఇరుక్కుంటే ఎన్ఎఫ్‌సీ వాటిని కలపలేదు. గుర్తు తర్వాత తీసినా జంట జంటగానే మిగిలిపోతుంది. అందుకని అదృశ్య గుర్తులు ముందు, ఎన్ఎఫ్‌సీ తర్వాత. నమూనా ఫైల్లో ఇలాంటి వరుస లేదు కాబట్టి సంఖ్య మారలేదు.

ఇంకో మాట. ఇలా శుభ్రం చేసిన కీని బిల్లు మీద ప్రింట్ చేస్తే "దిల్సుఖ్నగర్" అని వత్తులతో పడుతుంది, చూడ్డానికి వికారం. కీ వెతకడానికే, చూపడానికి కాదు. చూపే పేర్లకి వేరే డిక్షనరీ కట్టాం: శుభ్రం చేసిన కీకి, జాయినర్లతో సహా సరిగ్గా రాసిన పేరు వాల్యూ. దాన్ని కట్టేటప్పుడు ప్రతి కీనీ చేర్చేముందు అప్పటికే ఉందా అని ఇన్‌తో చూసి, ఉంటే ఆపాలి. లేకపోతే రెండు నిజమైన ఏరియాలు ఒకే కీకి దిగినప్పుడు రెండోది మొదటిదాన్ని చప్పుడు కాకుండా చెరిపేస్తుంది.

అంచె 5: సున్నా కాని సున్న

బేగంపేటలు ఇంకా మూడున్నాయి. ఒకటి సరైనది. ఒకటి "బేగంపేట్", దాని సంగతి తర్వాత. మూడోది పొడవులో సమానం, 7కి 7. అదృశ్య గుర్తు లేదు, ఎన్ఎఫ్‌సీ చేసినా మారలేదు. రెండు స్ట్రింగుల్నీ జిప్‌తో పక్కపక్కన పెట్టి, ఆర్డ్‌లు తేడా ఉన్నచోట ప్రింట్ చేయిస్తే నాలుగో అక్షరం దగ్గర దొరికింది: ఒకదాంట్లో 3074, ఇంకోదాంట్లో 3174.

3074 పూర్ణానుస్వారం. 3174 తెలుగు అంకె సున్నా. చాలా ఫాంట్లలో రెండూ ఒకే గుండ్రం. సున్న పెట్టమంటే సున్నా పెట్టారు, పాపం కొట్టినవాళ్ల తప్పేం లేదు. ఎన్ఎఫ్‌సీ కాదు కదా, అంతకన్నా ఎక్కువ కలిపే ఎన్ఎఫ్‌కేసీ కూడా వీటిని కలపదు, ఎందుకంటే యూనికోడ్ ప్రకారం ఒకటి గుర్తు, ఒకటి అంకె. మనమే మార్చుకోవాలి.

మొదట ఫైలు మొత్తం చదివి 3174 కనపడిన ప్రతిచోటా 3074 పెట్టేద్దామనుకున్నాం. అలా చేస్తే క్యాన్ల గడిలో ఎవరైనా "౧౦" అని రాసుంటే అది "౧ం" అవుతుంది, ఇంట్ వాల్యూఎర్రర్ ఇస్తుంది. అంచె 2లో ఉచితంగా వచ్చిన సౌకర్యం ఇక్కడ పోతుంది. కాబట్టి:

1. ఏరియా గడిలో మాత్రమే మార్చాలి.
2. ఏరియా గడిలో కూడా, ముందున్న అక్షరం తెలుగు అంకె అయితే, అంటే 3174 నుంచి 3183 లోపు అయితే, వదిలెయ్యాలి. "౧౦వ ఫేజ్" అని రాసేవాళ్లు ఉంటారు.
3. మిగతా చోట్ల 3174 బదులు 3074.

లెక్క: కీలు 8

అంచె 6: పోలికల మీద ఆధారపడితే

మిగిలిన రెండు అదనపు కీలు: "బేగంపేట్", "లాల్ బహదూర్ నగర్". ఇవి రాతలో తేడాలు కావు, పిలుపులో తేడాలు. డిఫ్‌లిబ్‌లోని గెట్-క్లోజ్-మ్యాచెస్‌తో దగ్గరి పేరు వెతికించవచ్చనిపిస్తుంది. దాని మామూలు హద్దు 0.6. స్పేసులూ జాయినర్లూ తీశాక సీక్వెన్స్‌మ్యాచర్ ఇచ్చిన పోలికలు చూడండి.

- మలక్‌పేట, అమీర్‌పేట: కలిసిన అక్షరాలు 5, రెండింటి పొడవు కలిపి 15, పోలిక 10/15, అంటే 0.67
- ఎల్బీనగర్, లాల్ బహదూర్ నగర్: కలిసినవి 7, పొడవు కలిపి 23, పోలిక 14/23, అంటే 0.61

మూసీకి ఆ ఒడ్డున ఒకటి, ఈ ఒడ్డున ఒకటి ఉన్న రెండు పేటలకి 0.67. ఒకే చోటుకున్న రెండు పేర్లకి 0.61. హద్దు ఎక్కడ పెట్టినా, ఎల్బీనగర్ కలవాలంటే అంతకుముందే మలక్‌పేట క్యాన్లు అమీర్‌పేట ఖాతాలోకి వెళ్లిపోతాయి. పేట, నగర్, గూడ, పల్లి అంటూ తోకలు ఒకటే అయిన పేర్లున్న చోట ఈ పద్ధతి లెక్కకి పనికిరాదు. తెలియని పేరొస్తే మనిషికి సూచన చూపించడానికి బాగుంటుంది, అంతే.

దాని బదులు మారుపేర్ల డిక్షనరీ:

{"బేగంపేట్": "బేగంపేట", "లాల్ బహదూర్ నగర్": "ఎల్బీనగర్"}

శుభ్రం చేసిన కీని దీన్లో గెట్‌తో అడగడం, లేకపోతే అదే కీని తిరిగివ్వమనడం. నడిపాం. 8 నుంచి 6కి రావాలి, 7 వచ్చింది.

"బేగంపేట్" కలిసింది. "లాల్ బహదూర్ నగర్" కలవలేదు. ఫైల్లోని పేరు స్పేసులు పోగొట్టుకుని వస్తుంది, మారుపేర్ల డిక్షనరీలోని కీ మాత్రం స్పేసులతో కూర్చుంది. ఇద్దరూ ఎప్పటికీ కలుసుకోరు. వాల్యూలకీ అదే ప్రమాదం: వాల్యూగా జాయినర్‌తో "అమీర్‌పేట" అని రాస్తే, శుభ్రం చేసిన "అమీర్పేట" పక్కన కొత్త కీ పుడుతుంది. మారుపేర్లని చేత్తో ఎలా రాసుకున్నా, వాడేముందు కీలనీ వాల్యూలనీ అదే శుభ్రం చేసే ఫంక్షన్ గుండా పంపి కొత్త డిక్షనరీ కట్టాలి. కాంప్రిహెన్షన్‌తో ఒక్క లైను పని.

లెక్క: కీలు 6 | ఇచ్చినవి 60 | వచ్చినవి 55

శుభ్రం చేసే ఫంక్షన్ చివరికి నిలిచిన వరస:

1. ట్రాన్స్‌లేట్‌తో 8203, 8204, 8205, 65279 తీసెయ్యడం
2. నార్మలైజ్, ఎన్ఎఫ్‌సీ
3. స్ప్లిట్, జాయిన్‌తో స్పేసులన్నీ తీసెయ్యడం
4. అంకె వెనక లేని 3174ని 3074 చెయ్యడం
5. మారుపేరు ఉంటే మార్చడం

మారుపేర్ల డిక్షనరీ కట్టడానికి మొదటి నాలుగు మెట్లే కావాలి, అందుకని అవి ఒక ఫంక్షన్, ఐదోది దాన్ని పిలిచే ఇంకో ఫంక్షన్.

ఈ ఫంక్షన్ దాటుకుని డిక్షనరీలోకి ఏ పేరూ పోకూడదు. కోడ్‌లో నేరుగా "అమీర్‌పేట" అని కొటేషన్లలో రాసి అడిగినా అది జాయినర్‌తో ఉన్న స్ట్రింగే, కౌంటర్ మర్యాదగా 0 అంటుంది. కౌంటర్ మంచితనమే ఇక్కడ చెరుపు చేస్తుంది.

అంచె 7: బయట ఎన్ని ఉన్నాయి

ఇచ్చిన కౌంటర్‌లోంచి వచ్చిన కౌంటర్‌ని మైనస్ గుర్తుతో తీసేశాం. బయట 5 రావాలి. 7 వచ్చింది, అదీ నాలుగు ఏరియాలకే.

కౌంటర్ల మధ్య ప్లస్, మైనస్ గుర్తులు ఫలితంలో సున్నా, రుణ సంఖ్యలు ఉన్న కీలని పారేస్తాయి. దిల్‌సుఖ్‌నగర్ 14 ఇచ్చి 14 వచ్చాయి, 0, పోయింది. అమీర్‌పేట 10 ఇచ్చి 12 వచ్చాయి, −2, అదీ పోయింది. మైనస్ రావడం తప్పు కాదు, అంతకుముందువి ఆరోజు తిరిగొచ్చాయి. ఆ −2 మాయమైతే డిపాజిట్ లెక్కలో రెండు క్యాన్లు ఎవరి నెత్తిమీదో పడతాయి.

దీనికి సబ్‌ట్రాక్ట్ అనే మెథడ్ ఉంది, అది ఏదీ పారేయదు. రెండు జాగ్రత్తలు: అది ఉన్న కౌంటర్‌నే మారుస్తుంది, కాబట్టి ముందు కాపీ తీసుకోవాలి. తిరిగిచ్చేది నన్, కాబట్టి దాని ఫలితాన్ని ఇంకో పేరుకి అంటగట్టకూడదు.

లెక్క: దిల్‌సుఖ్‌నగర్ 0 | సైదాబాద్ 2 | బేగంపేట 3 | అమీర్‌పేట −2 | మలక్‌పేట 1 | ఎల్బీనగర్ 1 | బయట 5

డెలివరీ కుర్రాడి చీటీలో సున్నా ఉన్న ఏరియా అక్కర్లేదు. లూప్‌లో తిరుగుతూ డెల్ కొడితే రన్‌టైమ్‌ఎర్రర్: తిరుగుతుండగా డిక్షనరీ సైజు మారిందని. ఉన్న కీకి వాల్యూ మార్చడం వరకు లూప్‌లో చేయొచ్చు, కీలు తీయడం, చేర్చడం కుదరదు. సున్నా కానివాటితో కొత్త డిక్షనరీ కట్టాం. షరతు "సున్నా కన్నా ఎక్కువ" అని కాదు, "సున్నా కానిది" అని. లేకపోతే −2 మళ్లీ పోతుంది. చీటీలో 5 ఏరియాలు, మొత్తం 5.

క్రమం: పైథాన్ 3.7 నుంచి డిక్షనరీ చేర్చిన వరసనే ఉంచుతుందన్నది భాషలోనే ఖాయం చేశారు. బండి తిరిగే వరసలో ఏరియాల్ని ముందే చేర్చుకుంటే చీటీ అదే వరసలో వస్తుంది. సార్టెడ్ వాడితే కోడ్‌పాయింట్ల వరస వస్తుంది, అది నిఘంటువు వరస కాదు: ళ వెళ్లి ల పక్కన, వ కన్నా ముందు కూర్చుంటుంది.

అంచె 8: పిన్‌కోడ్ కీగా పెడితే

పేర్లతో ఇంత తంటా ఎందుకు, పిన్‌కోడే కీగా పెట్టొచ్చు కదా అనిపిస్తుంది. పెట్టి చూశాం. ఆరు ఏరియాలకి కీలు 5 వచ్చాయి. అమీర్‌పేట, బేగంపేట రెండూ 500016. పిన్‌కోడ్‌కి పేరు చూపే డిక్షనరీలో ముందు అమీర్‌పేట చేరింది, తర్వాత అదే కీ మీద బేగంపేట వచ్చి కూర్చుంది. ఎర్రర్ లేదు. వరసలో చోటు మాత్రం మొదట చేరినప్పటిదే. 10, 12 కలిసి 22 క్యాన్లు ఒకే ఖాతాలో.

పిన్‌కోడ్, పేరు రెండూ కలిపి కీ చేయొచ్చు, కానీ టపుల్‌గా. లిస్టుగా ఇస్తే టైప్‌ఎర్రర్: లిస్టు మారేది కాబట్టి హాష్ అవదు. టపుల్ కీని జేసన్‌లోకి (డిక్షనరీని ఫైల్లో దాచుకునే రాత పద్ధతి) రాయబోతే అక్కడ ఇంకో టైప్‌ఎర్రర్. జేసన్‌లో కీలు స్ట్రింగులే అయి ఉండాలి. అందుకే పేరే కీగా ఉంచి, పిన్‌కోడ్‌ని వాల్యూలోకి పంపాం.

లెక్క: కీలు మళ్లీ 6 | ఇచ్చినవి 60

అంచె 9: సేవ్ చేసి మళ్లీ తెరవడం

రోజు చివర డిక్షనరీని జేసన్ ఫైల్లో పెట్టి, మర్నాడు తెరవాలి. ఎన్‌ష్యూర్-ఆస్కీని ఫాల్స్ చేయకపోతే ప్రతి తెలుగు అక్షరమూ ఆరు బైట్ల కోడ్ అవుతుంది. జాయినర్లతో ఉన్న దిల్‌సుఖ్‌నగర్ 42 బైట్ల బదులు 84. డేటా చెడదు, కానీ ఫైలు తెరిచి కంటితో చూసుకోలేం. ఫాల్స్ పెట్టి, ఫైలుని యూటీఎఫ్-8లోనే తెరిచి రాయాలి.

ఇంట్ కీల సంగతి వేరే. పిన్‌కోడ్ ప్రయోగంలో 500036 అని ఇంట్ కీతో సేవ్ చేసి తెరిస్తే "500036" అనే స్ట్రింగై తిరిగొచ్చింది. దాన్ని కౌంటర్‌లో చుట్టి ఇంట్‌తో అడిగితే 0, దానికి కూడితే కొత్త కీ. ఇప్పుడు లోపల ఇంట్ ఒకటి, స్ట్రింగు ఒకటి. మళ్లీ సేవ్ చేస్తే ఫైల్లో ఒకే కీ రెండుసార్లు రాస్తుంది, ఏ ఫిర్యాదూ చేయదు. మళ్లీ తెరిచినప్పుడు రెండోదాన్నే ఉంచుకుని మొదటిదాన్ని వదిలేస్తుంది. మలక్‌పేట పాత లెక్క అంతా గోవిందా. ఈ అంచెలో మాత్రం మొత్తం కూడా తప్పింది, కాబట్టి తెరిచిన వెంటనే కీల సంఖ్య, మొత్తం రెండూ సేవ్ చేసినప్పటివాటితో పోల్చే లైను పెట్టాం. ఫైలు తెరిస్తే వచ్చేది మామూలు డిక్షనరీ, కౌంటర్ కాదు. దాన్ని కౌంటర్‌లో చుట్టుకోవడం కూడా ఆ లైను పక్కనే.

అంచె 10: కొత్త పేరు వస్తే

చూపే పేర్ల డిక్షనరీలో ఉన్న ఆరు కీలే అధికారిక జాబితా. ఐదు మెట్లూ దాటి వచ్చిన కీ దాన్లో లేకపోతే కౌంటర్‌లోకి పంపడం లేదు. వరుస నంబరు, ఆస్కీ రూపం, క్యాన్ల సంఖ్య "తెలియనివి" అనే లిస్టులోకి పోతాయి. రోజు చివర స్క్రిప్టు మూడు సంఖ్యలు ప్రింట్ చేస్తుంది: ఖాతాల్లో పడినవి, తెలియనివాటిలో ఉన్నవి, ఫైల్లో ఉన్న మొత్తం. మొదటి రెండూ కలిపితే మూడోది రాకపోతే సేవ్ జరగదు.

నమూనా ఫైలు చివర 21వ వరుసగా "బేగమ్‌పేట", ఇచ్చినవి 2, వచ్చినవి 0 చేర్చి నడిపాం. ఖాతాల్లో 60, తెలియనివాటిలో 2, మొత్తం 62. మారుపేర్లలో దానికి ఒక లైను చేర్చి మళ్లీ నడిపితే 62, 0, 62. బేగంపేట బయట 3 నుంచి 5 అయింది. కీలు 6.